మందకాంతి - ఫోటో ఫలకము

రాత్రివేళ ఫిలిముపై ఛాయాచిత్రములు తీయువారికి ఒక చిక్కు ఎదురగుచుండును. కాంతిమాపకము సూచించిన కాలమంతయు షట్టరును తెరచి యుంచినను, ఆ కాలము దీర్ఘమైనచో చిత్రము చాలినంత వెలుగు లేక వచ్చును. ఈ లోపము మాపకమునది కాదు, ఫిలిముది. దీనిని సూక్ష్మముగా కొలిచి చెప్పినది ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు.

1862లో బున్సెన్, రాస్కో అను రసాయన శాస్త్రజ్ఞులు ఒక నియమమును ప్రతిపాదించిరి. కాంతి తీవ్రతను అది ప్రసరించిన కాలముచే గుణింపగా వచ్చు లబ్ధము సమానమైనచో, కలుగు రసాయన ఫలితమును సమానముగనే యుండును. అనగా ఒక సెకండు చాలినచోట కాంతి నూరవ వంతునకు తగ్గినచో, నూరు సెకండ్లు చాలును. దీనినే వ్యుత్క్రమ నియమమందురు.

1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ 51 నిమిషములు ఫలకమును తెరచి యుంచి ఓరియన్ నీహారికను చిత్రించెను. తరువాత నక్షత్రముల ప్రకాశమును సైతము ఫలకము మీది నలుపును బట్టి లెక్కించుట ఆరంభమైనది. నియమమే తప్పినచో ఈ లెక్కలన్నియు తప్పవలసినదే!

1893లో ఆబ్నీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మందకాంతిలో ఈ నియమము వర్తించదని చూపెను. అది ఎంత తప్పునో కొలిచినవాడు కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్. వియన్నాలోని కుఫ్నర్ వేధశాలలో నతడు ఫలకమును నాభి నుండి కొంచెము తొలగించి, నక్షత్రము బిందువుగా గాక మచ్చగా పడునట్లు చేసి, ఆ మచ్చల నలుపును పోల్చి చూచెను. కాలమునకు మారుగా కాలము యొక్క 0.86వ ఘాతమును తీసికొనవలెనని 1900లో ప్రకటించెను. ఆ లెక్కన పైన చెప్పిన నూరు సెకండ్లకు బదులు సుమారు 210 సెకండ్లు కావలెను. ఈ ఘాతము అన్ని ఫలకములకు ఒకటి కాదని పిమ్మట తేలినది.

దీనికి కారణమేమి? 1938లో గర్నీ, మాట్ అనువారు ప్రతిపాదించిన సిద్ధాంతము దీనిని గ్రహించుటకు తోడ్పడినది. కాంతి సోకిన సిల్వర్ బ్రోమైడు రేణువులో మొదట ఒక వెండి పరమాణువు ఏర్పడును. అది ఒంటరిగా చిరకాలము నిలువజాలదు. రెండవది త్వరగా వచ్చి చేరినచో రెండును నిలదొక్కుకొనును. మందకాంతిలో రెండవది ఏర్పడులోగా మొదటిది విచ్ఛిన్నమై పోవును. చిల్లికుండలో ధారగా పోసిన నీరు నిండును; చుక్కచుక్కగా పోసిన నీరు కారిపోవును. ఇదియు నట్టిదే.

నేడు వేధశాలలలో ఫలకముల స్థానమును ఎలక్ట్రానిక్ గ్రాహకములు ఆక్రమించినవి. వానికి ఈ దోషము లేదు. ఫిలిము వాడువారు మాత్రము తయారీదారులిచ్చు సవరణ పట్టికను చూచి కాలమును పెంచుకొనవలెను. ఏ నియమమైనను పరీక్షింపబడిన హద్దులలోనే ప్రమాణమని ఈ చరిత్ర తెలుపుచున్నది.