ముల్లు, చీము, మచ్చ: గాయం మానడంలో రోగనిరోధక కణాల పాత్ర

సారాంశం

రక్తం గడ్డకట్టడం, వాపు, కొత్త కండ పెరగడం, మచ్చ కుదురుకోవడం అని గాయం మానడాన్ని నాలుగు దశలుగా చెబుతారు. ఒక దశ ముగియకుండానే మరొకటి మొదలవుతుంది. ఈ దశలను నడిపించే కణాల్లో తెల్ల రక్తకణాలది ముఖ్య స్థానం. పుదుచ్చేరి తీరంలోని వీరాంపట్టినం వంటి ఊళ్లలో చేపల పనివాళ్లకు తగిలే ముల్లు గాయాన్ని ఉదాహరణగా తీసుకుని, వాపు రావడం ఎంత అవసరమో సకాలంలో చల్లారడమూ అంతే అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్, వాపు, కొల్లాజెన్, మధుమేహం, ముల్లు గాయం

1. ప్రవేశిక

పౌరుషం చచ్చినవాణ్ణి తెలుగువాళ్లు “చీమూ నెత్తురూ లేవా?” అని నిలదీస్తారు. నెత్తురు సరే, చీము ఎందుకు? చీములో అధిక భాగం క్రిములతో పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలే. ఈ కణాలు బాగా పడిపోయిన రోగికి పుండు ఎంత తీవ్రంగా ఉన్నా చీము సరిగా పట్టదు. చీము పట్టడం ఒంట్లో ఎదిరించే సత్తా ఉందనడానికి గుర్తు. నానుడిలో వైద్యశాస్త్రం ఉంది.

వీరాంపట్టినం పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరికమేడు తవ్వకాల దిబ్బకు చేరువలో ఉన్న మత్స్యకార గ్రామం. ఇలాంటి తీరాల్లో వల విదిలించేటప్పుడు జెల్ల చేప రెక్క ముల్లు వేల్లో దిగడం, ఇసుకలో ఒదిగి ఉన్న టేకు చేప తోకముల్లు మడమలో గుచ్చుకోవడం వృత్తిలో భాగమే. ఆ ముల్లుతో పాటు విషమూ, జిగురూ, సముద్రపు క్రిములూ లోపలికి పోతాయి. అక్కడి నుంచి ఏం జరుగుతుందన్నదే మన ప్రశ్న.

2. ముల్లుతోనే మొదలైన శాస్త్రం

ఈ శాస్త్రం కూడా సముద్రపు ఒడ్డునే, ముల్లుతోనే మొదలైంది. 1882లో ఇటలీలోని మెస్సినాలో ఎలీ మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్ల ఒంట్లో గులాబీ ముల్లు గుచ్చి ఉంచాడు. మర్నాటికి దాని చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. పరాయి పదార్థాన్ని మింగే కణాలే శరీరానికి కాపలా అని అతను వాదించాడు. 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

3. మొదటి రోజు: న్యూట్రోఫిల్

చర్మం తెగిన నిమిషాల్లో ప్లేట్‌లెట్లు గుమిగూడి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి, కణాలను పిలిచే రసాయనాలను వదులుతాయి. చర్మంలోని మాస్ట్ కణాలు విడిచే హిస్టమిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. ఎరుపు, వేడి, ఉబ్బు అలా వస్తాయి. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ దండుగా చేరతాయి. అవి క్రిములను మింగుతాయి, ఎంజైములతో కరిగిస్తాయి. తమ డీఎన్ఏనే వలలా విసిరి క్రిములను పట్టేస్తాయని 2004లో తెలిసింది. వలలు నేసేవారి ఊళ్లో ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే ఈ ఆయుధాలకు తనా పరా తేడా లేదు. క్రిమిని కరిగించే ఎంజైమే పక్కనున్న మంచి కండనూ కరిగిస్తుంది. 1972లో సింప్సన్, రాస్ గినీ పందుల్లో న్యూట్రోఫిల్స్‌ను తగ్గించి చూస్తే క్రిములు సోకని గాయాలు మామూలుగానే మానాయి. అంటే ఈ దండు అవసరం ప్రధానంగా క్రిములున్నంత వరకే.

4. మలుపు: మాక్రోఫేజ్

రెండు మూడు రోజులకు రక్తంలోని మోనోసైట్లు గాయంలోకి దిగి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. మొదట ఇవీ వాపును పెంచేవే. చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను మింగడం మొదలుపెట్టాక వాటి స్వభావం మారుతుంది. వాపు రసాయనాలు తగ్గించి, కండ పెంచే సంకేతాలు పంపుతాయి. శవాలు ఎత్తిన చేతులే ఇల్లు కట్టడానికి పూనుకుంటాయన్నమాట. పాఠ్యపుస్తకాలు ఈ రెండు రూపాలను ఎం1, ఎం2 అని విడదీస్తాయి గాని, అసలు గాయంలో వాటి మధ్య ఎన్నో రకాలుంటాయి.

1975లో లీబోవిచ్, రాస్ మాక్రోఫేజ్‌లను తగ్గించిన జంతువుల్లో మానుదల మందగించింది. 2010లో లూకాస్ బృందం ఎలుకల్లో వేర్వేరు దశల్లో వాటిని తొలగించింది. తొలిదశలో తీసేస్తే కొత్త కండ తక్కువగా పెరిగింది. మధ్యదశలో తీసేస్తే రక్తస్రావమై గాయం మూసుకోలేదు. చివరిదశలో తీసేస్తే పెద్ద తేడా రాలేదు. ఒకే కణం పని రోజును బట్టి మారుతోందనడానికి ఇంతకంటే సూటి రుజువు అరుదు.

5. కొత్త కండ, మచ్చ

మాక్రోఫేజ్‌ల పిలుపుతో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ నేస్తాయి. మూడు పోగుల తాడులాంటి ఈ ప్రొటీన్ నిర్మాణాన్ని 1954లో వీరాంపట్టినానికి ఉత్తరాన, మద్రాసు విశ్వవిద్యాలయంలోనే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఈ పోగు తొందరగా ముడిపడినా గట్టిపడటానికి నెలలు పడుతుంది. మానిన చర్మం బలం మూడో వారానికి మామూలు చర్మంలో అయిదో వంతే. నెలలు గడిచినా 80 శాతానికి మించదు. పక్కు ఊడగానే బరువైన వల లాగితే గాయం మళ్లీ విచ్చుకోవడానికి కారణమిదే. నియంత్రక టి కణాలనే తెల్ల రక్తకణాలు మిగిలిన వాపును అదుపు చేస్తాయి.

6. మలుపు తప్పితే

మధుమేహం ఉన్నవారిలో ఈ మలుపు ఆలస్యమవుతుంది. మాక్రోఫేజ్‌లు వాపు రూపంలోనే చిక్కుకుపోతాయి. న్యూట్రోఫిల్స్ అతిగా డీఎన్ఏ వలలు విసిరి మానుదలను అడ్డుకుంటాయని 2015లో వాంగ్ బృందం చూపింది. నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడం దీనికి తోడైతే, మడమలో దిగిన చిన్న ముల్లు నెలల తరబడి మానని పుండవుతుంది.

సముద్రపు గాయానికి మరో చిక్కుంది. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే క్రిమి, తనను మింగిన మాక్రోఫేజ్‌లోనే కాపురం పెడుతుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉండే వేళ్లు, చేతులు దానికి అనువు. గాయం మానిందనుకున్న వారాల తర్వాత వేలిమీద గడ్డలా పైకి లేస్తుంది. అప్పుడు చేపల పని చేస్తానన్న ఒక్క మాట రోగి చెప్పినా, వైద్యుడు అడిగినా రోగనిర్ధారణ సులువవుతుంది.

7. ముగింపు

ఒంట్లో ముల్లు ముక్క, ఇసుక రేణువు మిగిలినంత కాలం మాక్రోఫేజ్ యుద్ధం మానదు. గాయం మీద కాఫీపొడి అద్దినా ఆ రేణువులు దానికి అదనపు చాకిరీయే. కాబట్టి చేయవలసినవి నాలుగే: ముల్లును పూర్తిగా తీయించుకోవడం; గాయాన్ని శుభ్రమైన నీటితో బాగా కడగడం; విషపు నొప్పికి చర్మం కాలకుండా ఓర్చుకోగలిగే వేడినీళ్లలో, అంటే సుమారు 45 డిగ్రీల దగ్గర ఉంచడం; ధనుర్వాతం టీకా సంగతి వైద్యుణ్ణి అడగడం. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. మిగతా పని కణాలు చేసుకుంటాయి. వాటికి అడ్డు రాకుండా ఉండటమే మన వంతు.