ఎన్.జి.రంగా

గోగినేని రంగనాయకులు (నవంబరు 7, 1900 - జూన్ 9, 1995) స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, ఆర్థిక శాస్త్ర ఆచార్యుడు. ఆచార్య ఎన్.జి.రంగా అనే పేరుతో ప్రసిద్ధుడు. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలవారికి ఆయన పేరు చాలాకాలం రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ద్వారానే పరిచయం. అయితే ఆయన రాజకీయాలకు మూలం గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెలలో ఉన్నది.

బాల్యం, విద్య

రంగా గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. గుంటూరులో చదువు ముగించుకొని ఇంగ్లండు వెళ్ళి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రంలో బి.లిట్. పట్టా పొందాడు. తిరిగివచ్చిన తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసాడు. ఆయన భార్య భారతీదేవి కూడా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నది.

ఆ కాలంలో భారతదేశపు వ్యవసాయం గురించిన గ్రంథాలు ఎక్కువగా ప్రభుత్వ నివేదికల ఆధారంగా వెలువడేవి. రంగా అలా కాక డెల్టా గ్రామాలలో తిరిగి కౌళ్ళు, అప్పులు, కూలి రేట్లు, పంటల ఖర్చులు సేకరించాడు. ఈ పరిశీలనలనుండి వచ్చినదే "ఎకనమిక్ ఆర్గనైజేషన్ ఆఫ్ ఇండియన్ విలేజెస్" అనే గ్రంథం. చేనేత పరిశ్రమపై కూడా ఒక గ్రంథం వ్రాసాడు. తెలుగులో ఆయన వ్రాసిన నవల "హరిజన నాయకుడు".

రైతు ఉద్యమం

1930లో గాంధీ పిలుపుతో రంగా జాతీయోద్యమంలో ప్రవేశించాడు. అప్పటికే ప్రపంచ ఆర్థికమాంద్యం వల్ల ధాన్యం ధరలు పడిపోయాయి. రైత్వారీ ప్రాంతాలలో శిస్తు రొక్కంగా చెల్లించాలి; పంట ధర తగ్గినా శిస్తు తగ్గదు. బస్తా ధర సగమైతే, అదే శిస్తు కట్టడానికి రైతు రెట్టింపు బస్తాలు అమ్ముకోవలసి వచ్చేది. మిగిలినది షావుకారు వడ్డీకి పోయేది. ఈ లెక్కను పల్లెటూరి రైతుకు అర్థమయ్యే మాటలలో చెప్పగలగడమే రంగా బలమని చెప్పవచ్చు. 1933లో ఆయన రైతుల ఆందోళనకు నాయకత్వం వహించాడు. జమీందారీ ప్రాంతాల రైతుల సమస్యలనూ చేపట్టాడు.

నిడుబ్రోలులో ఆయన నెలకొల్పిన రైతాంగ విద్యాలయం యువకులకు ఆర్థిక, రాజకీయ విషయాలు బోధించేది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గౌతు లచ్చన్న ఆయన శిష్యులలో ముఖ్యుడు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు కాగా, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అదే సంవత్సరం డిసెంబరులో ఫైజ్‌పూరులో జరిగిన రెండవ మహాసభకు ఆయనే అధ్యక్షత వహించాడు. కాలక్రమంలో సభలో కమ్యూనిస్టుల ప్రభావం పెరగడంతో వారితో విడిపోయాడు. రైతు, కూలీ కలిసి నడిపే రాజ్యమే తన ఆశయమని రంగా అనేవాడు. గాంధీతో ఈ విషయమై జరిపిన చర్చలను పుస్తకంగా ప్రచురించాడు. కాని ఆయన ఉద్యమంలో భూమిగల రైతుకు దక్కిన ప్రాధాన్యత భూమిలేని కూలీకి దక్కలేదని విమర్శకులు అన్నారు. ఈ విమర్శ పూర్తిగా నిరాధారమనడం కష్టం.

పార్టీలు, ఎన్నికలు

రంగా రాజ్యాంగ సభలో సభ్యుడు. 1951లో కాంగ్రెసు వదలి కృషికార్ లోక్ పార్టీని స్థాపించాడు. 1952 నుండి 1957 వరకు రాజ్యసభ సభ్యుడు. 1955 ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో ఆయన పార్టీ కాంగ్రెసుతో కలిసి కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా పోటీ చేసి విజయం సాధించింది. తరువాత ఆయన కాంగ్రెసులో చేరి 1957లో తెనాలి నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార ఉమ్మడి సేద్యాన్ని ఆమోదించింది. చిన్న కమతాలను కలిపి సాగుచేస్తే దిగుబడి పెరుగుతుందన్నది నెహ్రూ ఆలోచన. విత్తనాలు, పరపతి, అమ్మకాలలో సహకార సంఘాలు కావలసినవే కాని, పొలం గట్లు చెరిపివేస్తే రైతు తన పొలంలోనే కూలీగా మారతాడన్నది రంగా వాదన. ఆయన కాంగ్రెసునుండి బయటకు వచ్చాడు. అదే సంవత్సరం రాజాజీ ప్రేరణతో స్వతంత్ర పార్టీ ఏర్పడగా రంగా దానికి అధ్యక్షుడయ్యాడు. మాజీ సంస్థానాధీశులు, పారిశ్రామికవేత్తలు చేరిన ఆ పార్టీకి, ఒకప్పుడు జమీందార్లపై పోరాడిన నాయకుడు అధ్యక్షత వహించడం చాలామందికి వింతగా తోచింది.

1962లో తెనాలిలో ఓడిపోయి, అదే సంవత్సరం చిత్తూరు ఉపఎన్నికలో గెలిచాడు. రైత్వారీ భూములను కూడా "ఎస్టేటు" నిర్వచనంలోకి తెచ్చిన 17వ రాజ్యాంగ సవరణను (1964) స్వతంత్ర పార్టీ తీవ్రంగా వ్యతిరేకించింది. సవరణ నెగ్గింది, అయితే పరిమితికి లోబడి రైతు స్వయంగా సాగుచేసుకొనే భూమిని తీసుకుంటే మార్కెట్టు విలువకు తగ్గని పరిహారం ఇవ్వాలనే నిబంధన అందులో చేరింది.

1967లో రంగా శ్రీకాకుళం నుండి గెలిచాడు. ఆ ఎన్నికలలో స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 1971లో 8 స్థానాలకు పడిపోయింది. మరుసటి సంవత్సరం రంగా కాంగ్రెసులో తిరిగి చేరాడు. 1977లో రాజ్యసభకు, 1980, 1984, 1989లలో గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. చివరిసారి గెలిచేనాటికి ఆయన వయస్సు దాదాపు 89 సంవత్సరాలు.

గౌరవాలు

1991లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారం ఇచ్చింది. 1964లో స్థాపించబడిన ఆంధ్ర ప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన జరిగాక రాజేంద్రనగర్ ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ పేరిట ఏర్పడిన తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందింది. రంగా పేరుగల విశ్వవిద్యాలయపు ప్రధాన కేంద్రం గుంటూరు సమీపంలోని లాంకు తరలింది.