బడి బట్టలు – కానుకా? హక్కా?

నెల్లిమర్ల అనగానే మనకు జనపనార మిల్లు జ్ఞాపకం వస్తుంది. గోనె నేసి బతికిన కార్మికుల ఊరు అది. 1994లో పోలీసు కాల్పులకు ఆ మిల్లు కార్మికులు బలైన సంగతి మరువరానిది. అయితే మిల్లు మూతపడిన రోజుల్లో ఆ కార్మికుల పిల్లలు ఏం తొడుక్కుని బడికి వెళ్లారన్న ప్రశ్నను మనం ఎంతమందిమి వేసుకున్నాం? చరిత్ర సమ్మెల్లో, కాల్పుల్లో మాత్రమే ఉండదు. జూన్ నెలలో కొనలేకపోయిన చొక్కాలో కూడా ఉంటుంది.

ఈ ప్రాంతంలోని ఒక బడిలో నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక కుర్రవాడు వానలు పట్టగానే మానేస్తుండేవాడు. హాజరుపట్టీ చూసి గద్దించాను. "సొక్కా ఆరనేదు మేస్టారూ" అన్నాడు. వాడికున్నది ఒకటే చొక్కా. జీతం కట్టనక్కరలేని బడి అది. అయినా వాడికి చదువు ఉచితం కాలేదు.

ఈ "ఉచితం" అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 45వ అధికరణంలో, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు పదేళ్లలోగా ప్రయత్నించాలని నిర్దేశించింది. పదేళ్లు గడిచాయి. మరో యాభై ఏళ్లు కూడా గడిచాయి. అంతకాలమూ ఉచితమంటే ప్రధానంగా జీతం లేకపోవడమే. సంక్షేమ వసతి గృహాల్లో చేరిన పిల్లలకు బట్టలిచ్చేవారు. ఇంటినుంచి నడిచివచ్చే కూలివాని బిడ్డకు మాత్రం బట్ట భారం తల్లిదండ్రులదే. ఇంగ్లండులో 1944 నాటి విద్యా చట్టం, సరైన దుస్తులు లేక చదువు అందుకోలేని పిల్లలకు బట్టలిచ్చే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. మనల్ని ఏలినవారు తమ దేశంలో ఆనాడే గుర్తించిన అవసరం ఇది.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమలయింది. ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి అడ్డుపడే ఫీజుగాని ఖర్చుగాని ఏ పిల్లవాడూ భరించనక్కరలేదని దాని 3వ సెక్షన్ అంటుంది. ఇందులో "ఖర్చు" అన్నదే కీలకమైన మాట. చొక్కా ఆ మాటలో ఇమిడి ఉంది. సర్వశిక్షా అభియాన్ కింద ఏడాదికి రెండు జతలకు 400 రూపాయలు కేటాయించారు. 2018లో వచ్చిన సమగ్ర శిక్షలో అది 600 అయింది. అయితే కేంద్ర నిబంధన ప్రకారం ఆ బట్టలు బాలికలందరికీ, ఎస్సీ, ఎస్టీ బాలురకు, దారిద్ర్యరేఖకు దిగువనున్న బాలురకు మాత్రమే. హక్కు పిల్లలందరిదీ, జత కొందరిది. ఒకే బల్లమీది కుర్రవాళ్ల మధ్య ఆ రేఖ గోడలా లేచింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో జగనన్న విద్యాకానుకను ప్రారంభించారు. ఒకటి నుంచి పది వరకు ప్రభుత్వ బడి పిల్లలందరికీ మూడు జతల గుడ్డ, బూట్లు, సంచి, పుస్తకాలు ఇచ్చారు. ఇది ముందడుగే. కాని గుడ్డ చొక్కా కాదు. మూడు జతల కుట్టుకూలికి ఎనిమిదో తరగతి వరకు 120 రూపాయలు, పై రెండు తరగతులకు 240 రూపాయలు లెక్కకట్టారు. జత 40 రూపాయలకు కుట్టే దర్జీ ఎక్కడున్నాడు? తక్కిన డబ్బు తల్లి కూలిలోనుంచే పోవాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలచేత కుట్టించి, కూలిని జతకు 75 రూపాయలకు పెంచారు. అప్పుడు కుట్టేవారి శ్రమ లెక్కలోకి వచ్చింది. అది చాలా, చాలదా అన్నది వేరే చర్చ.

ఇటువంటి పథకాలు ఊరట మాత్రమేనని తోసిపుచ్చే మిత్రులున్నారు. తడిచొక్కా ఆరేదాకా ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి ఊరట చిన్నది కాదు. పథకాన్ని తోసిపుచ్చడం కాదు, దాని భాషను ప్రశ్నించడం మన పని. కానుక ఇచ్చేవాడి ఇష్టం. ప్రభుత్వం మారాక 2024లో అది సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. మిత్రుడూ ఇష్టమైతేనే ఇస్తాడు. పేరు మారింది గాని, చట్టం రాసిన "హక్కు" అన్న మాట సంచిమీదికి ఎక్కలేదు.

మాటలతో పనిచేసేవాళ్లం మనం. గురజాడ నడిచిన విజయనగరం నెల్లిమర్లకు కూతవేటు దూరం. జనం మాటకు విలువ తెచ్చిన ఆయన నేలమీద, "సొక్కా ఆరనేదు" అన్న మాటను సాకుగా కాక ఫిర్యాదుగా వినడం మనం నేర్చుకోవాలి. ఆనాడు నేను సాకుగానే విన్నాను.