కార్బురేటర్ సైజు కథ: ఎం.జి. కార్ల నుంచి మన అంబాసిడర్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించీ కోటల గురించీ వ్రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నా సర్వీసంతా వర్క్‌షాపు స్టోర్సులో గడిచింది గనుక, ఆ బీరువాల్లోంచే ఒక వస్తువు తీసుకుంటున్నాను. అది కార్బురేటర్. పాత స్పోర్ట్స్ కార్లను ట్యూన్ చేసేవారు దాని సైజు ఎంత ఉండాలన్న విషయం మీద దశాబ్దాలుగా తగవులాడుకుంటూనే ఉన్నారు.

ఇంగ్లండు వారి స్పోర్ట్స్ కార్లతో మనకేం పని అనుకోకండి. మన ఆఫీసర్లు తిరిగిన అంబాసిడర్ ఇంజనూ, 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒక తల్లి బిడ్డలు. రెండూ బి.ఎం.సి. కంపెనీ వారి బి-సిరీస్ ఇంజన్లే, రెండూ 1489 సి.సి.లే. కాని ఎం.జి.ఎ.కు రెండు కార్బురేటర్లు, 72 హార్స్‌పవర్. మన బండికి ఒక్కటే కార్బురేటర్, యాభైకి అటూ ఇటూ హార్స్‌పవర్.

ఈ తేడా ఒకసారి మా వర్క్‌షాపులో పెద్ద గొడవకు దారితీసింది. 1980లలో మా ఆఫీసు అంబాసిడర్ ఘాట్ రోడ్డు ఎక్కలేకపోతోందని డ్రైవరు ఫిర్యాదు చేశాడు. మాకు ఒక కుర్ర మెకానిక్ ఉండేవాడు. తెలివైనవాడే, కాని ఆవేశం ఎక్కువ. ఎక్కడో ఎం.జి. కారు సంగతి విన్నాడు. కార్బురేటర్ పెద్దదయితే బండి పరుగెడుతుందన్నాడు. పెద్ద బండిది ఒకటి సంపాదించుకొచ్చి, నా చేత వోచరు వ్రాయించి బిగించాడు. తిన్నని రోడ్డు మీద బండి బాగానే పోయింది. కాని ప్రతి కూడలి దగ్గరా యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్లయి, దగ్గి, ఆ తర్వాత కదిలేది. పెట్రోలు ఖర్చు చెప్పనక్కరలేదు. ఘాట్ రోడ్డు సంగతి మొదటికన్నా అధ్వాన్నం.

ఎందుకిలా అయిందో తెలుసుకుందామనే నేను ఈ చరిత్రలోకి దిగాను.

కార్బురేటర్ పని నిజానికి సులువైనది. ఇంజను గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి ఒక సన్నని గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. అక్కడ ఉన్న జెట్‌లోంచి పెట్రోలు ఆ ఒత్తిడి తేడా వల్లనే పైకి లేచి, గాలిలో పొగమంచులా కలిసిపోతుంది. గొంతు మరీ సన్నగా ఉంటే ఎక్కువ ఆర్.పి.ఎం. దగ్గర ఇంజనుకు గాలి చాలదు. మరీ వెడల్పయితే తక్కువ ఆర్.పి.ఎం. దగ్గర గాలి తాపీగా పోతుంది. అప్పుడు పెట్రోలు సరిగా లేవదు, లేచినది కూడా చుక్కలుగా గొట్టం గోడకు అంటుకుంటుంది. మా అంబాసిడర్ దగ్గు అదే.

ఇంజనుకు ఎంత గాలి కావాలో కాగితం మీద లెక్క కట్టవచ్చు. 1962లో వచ్చిన ఎం.జి.బి. కారుది 1798 సి.సి. ఇంజను, 5400 ఆర్.పి.ఎం. దగ్గర 95 హార్స్‌పవర్. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి తీసుకుంటుంది. అంటే నిమిషానికి 2700 సార్లు, సుమారు 1.8 లీటర్ల చొప్పున 4860 లీటర్లు. నిజంగా లోపలికి చేరేది అందులో నూటికి ఎనభై వంతుల చిల్లర. అదే ఇంజను 1500 ఆర్.పి.ఎం. దగ్గర 1350 లీటర్లకు మించి అడగదు. ఒకే గొంతు ఈ రెండు పనులూ చేయాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కుకు చక్కని ఉపాయం కనిపెట్టినవారు ఇంజనీరింగు వంశం వారు కారు, చెప్పుల వ్యాపారస్థులు! లిల్లీ అండ్ స్కిన్నర్ అనే పాదరక్షల సంస్థకు చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్, అతని తమ్ముడు థామస్ కార్లైల్ స్కిన్నర్. గొంతు సైజును ఇంజను అవసరాన్ని బట్టి దానంతట అదే మార్చుకునేలా వారు కార్బురేటర్ తయారు చేశారు. లోపల ఒక పిస్టను ఉంటుంది. గాలి ఎక్కువ కావాలంటే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. దాని అడుగున కొన వైపు సన్నబడే సూది ఒకటి జెట్‌లో వేలాడుతూ పెట్రోలును కొలిచి ఇస్తుంది. మొదటి రోజుల్లో పిస్టనుకు బదులు తోలు తిత్తి వాడారు. తోలు వారింటి సరుకే కదా! స్కిన్నర్ యూనియన్ అన్న మాటలే ఎస్.యు. అయ్యాయి. కంపెనీ 1910లో ఏర్పడింది, 1926లో మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ చేతికి వచ్చింది. ఎం.జి. కార్లు మోరిస్ కుటుంబానివే గనుక వాటికి ఎస్.యు.లే బిగించారు.

ఎస్.యు. సైజులకు ఒక గుర్తు ఉంది. హెచ్.ఎస్.2 అంటే ఒక అంగుళం మీద ఎనిమిదింట రెండు వంతులు, అనగా ఒకటింబావు అంగుళం. హెచ్.ఎస్.4 ఒకటిన్నర, హెచ్.ఎస్.6 ఒకటి ముప్పావు. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కాని వైశాల్యం వ్యాసాన్ని బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటిన్నర నుంచి ఒకటి ముప్పావుకు పోతే గొంతు నూటికి 36 వంతులు పెద్దదవుతుంది.

ఇక ఫ్యాక్టరీ వారు ఏ ఇంజనుకు ఏ సైజు ఇచ్చారో చూడండి. 1250 సి.సి. ఎం.జి. టి.డి.కి ఒకటింబావు అంగుళం ఎస్.యు.లు రెండు, 54 హార్స్‌పవర్. 1953లో వచ్చిన టి.ఎఫ్.కు అదే 1250 సి.సి. ఇంజను పెట్టి, ఒకటిన్నర అంగుళం కార్బురేటర్లు ఇచ్చి, కంప్రెషన్ కూడా పెంచారు. వచ్చింది 57. రెండు మార్పులూ కలిపి మూడే హార్స్‌పవర్లు! 1798 సి.సి. ఎం.జి.బి.కి ఒకటిన్నర అంగుళంవి రెండు. ఒకటి ముప్పావు అంగుళంవి రెండు ఎవరికి ఇచ్చారంటే, 1967లో 2912 సి.సి. ఎం.జి.సి.కి. ఆపైన 1973లో 3528 సి.సి. వి-8 ఇంజనుకూ అదే సైజువి రెండే చాలన్నారు. ఎనిమిది సిలిండర్లకు సరిపెట్టిన జతను తెచ్చి 1798 సి.సి. ఇంజనుకు తగిలిస్తే 'ట్యూనింగ్' అవుతుందని నమ్మినవారు ఎందరో ఉన్నారు. మా కుర్ర మెకానిక్ ఒక్కడే కాదన్నమాట.

ఎస్.యు. గొంతు తనంతట తానే సర్దుకుంటుంది గనుక, సైజు పెద్దదయినా మా అంబాసిడర్‌లాగా బాహాటంగా మొరాయించదు. కాని పిస్టను అడుగు భాగంలోనే తచ్చాడుతుంది, సూదిలో కొంత భాగమే పనికి వస్తుంది, యాక్సిలరేటర్ కొంచెం కదిపితే చాలు బండి ఉలిక్కిపడుతుంది. అనుభవం ఉన్నవారు చేసే పరీక్ష ఒకటుంది. నిండు లోడులో, గరిష్ఠ ఆర్.పి.ఎం. దగ్గర పిస్టను పూర్తిగా పైకి లేస్తోందా అని చూడడం. లేవకపోతే ఉన్న కార్బురేటరే ఇంజనుకు ఎక్కువ అన్నమాట. అప్పుడు డబ్బు పెట్టవలసింది సిలిండర్ హెడ్ మీద, క్యామ్‌షాఫ్ట్ మీద. ముందు ఊపిరితిత్తులు, ఆ తర్వాత ముక్కు.

'కొలిచిన రంధ్రం' విలువకు యుద్ధకాలపు ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోతాను. స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజనుకు కూడా ఎస్.యు. కార్బురేటరే ఉండేది. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే పెట్రోలు తారుమారై ఇంజను ఆగిపోయేది. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్ 1941లో దీనికి విరుగుడు చేశారు. ఇంజను నిండు శక్తికి కావలసినంత పెట్రోలే పోయేలా, రంధ్రం కొలిచి చేసిన చిన్న ఇత్తడి బిళ్ళ. ఆవిడ బ్రూక్లండ్స్ పందెపు బాటలో గంటకు వంద మైళ్ళు దాటి మోటారు సైకిలు నడిపిన మనిషి!

తిరిగి మన కథకు. ఎస్.యు.లు తీసేసి వెబర్‌లు పెట్టడం ట్యూనింగ్ వారికి పెద్ద మోజు. ఎదోఆర్దో వెబర్ ఇటలీలోని బొలోన్యాలో 1923లో మొదలుపెట్టిన సంస్థ అది. 45 డి.సి.ఒ.ఇ. అనే రకం ఒక్కటి ఎం.జి.బి.కి బాగా వాడారు. ఇక్కడ 45 అన్న అంకెను చూసి మోసపోకూడదు. అది థ్రాటిల్ పలక దగ్గరి వ్యాసం, మిల్లీమీటర్లలో. అసలు గొంతు లోపల వేసే చోక్ అనే మార్చుకోదగిన గొట్టం. (చలి ఉదయాల్లో మనం లాగే చోక్ వేరు.) అందులో 34 వేస్తే ఒక స్వభావం, 38 వేస్తే మరొకటి. పేరు ఒకటే అయినా రెండు కార్బురేటర్లు ఒకటి కావు.

పైగా బి-సిరీస్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి ద్వారాలు రెండే. ఒకటీ రెండూ ఒక ద్వారంలోంచి, మూడూ నాలుగూ మరో ద్వారంలోంచి పీలుస్తాయి. 1-3-4-2 వరుసలో పేలడం వల్ల, ఒకే ద్వారం వాడే ఇద్దరూ వెంటవెంటనే పీల్చి, ఆపైన చాలాసేపు ఊరుకుంటారు. ఇద్దరన్నదమ్ములకు ఒకే గిన్నెలో వడ్డించినట్టు, ఒకరి వాటా మరొకరికి పోతూ ఉంటుంది. బయట గొంతు ఎంత పెద్దది పెట్టినా ఈ లోపలి ఇరుకు పోదు.

చిన్నదయితే ఏమవుతుందో అమెరికా చూపించింది. అక్కడి పొగ నిబంధనల కోసం 1975 మోడలు నుంచి ఆ దేశానికి పంపే ఎం.జి.బి.లకు రెండు ఎస్.యు.లు తీసి, ఒకే జెనిత్ స్ట్రాంబర్గ్ పెట్టారు. 95 హార్స్‌పవర్ కాస్తా 62.5 అయింది. తప్పంతా కార్బురేటర్‌దే కాదు. కంప్రెషన్ అప్పటికే తగ్గించారు, పొగ తగ్గించే సామానూ చేరింది. అయినా అక్కడి యజమానులు పాత ఎస్.యు.ల జతను వెతికి మళ్ళీ బిగించుకున్నారు. నా దృష్టిలో అదే సరయిన ట్యూనింగ్. ఎం.జి.బి. తయారయిన ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూతపడింది. ఐదు లక్షలకు పైగా వచ్చిన ఆ బండ్లలో చాలావాటికి ఈనాటికీ ఎస్.యు. భాగాలు దొరుకుతున్నాయి. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో బర్లెన్ సంస్థ వాటిని తయారు చేస్తోంది. మన అంబాసిడర్ తయారీ మాత్రం 2014లో ఆగిపోయింది.

మా బండి సంగతి చెప్పలేదు కదూ. పెద్ద మేస్త్రీ గారు సెలవు నుంచి వచ్చి, బానెట్ ఎత్తి చూసి, ఒక్క మాట అనకుండా పాత కార్బురేటరే మళ్ళీ బిగించమన్నారు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ విప్పించారు. మట్టితో మూసుకుపోయి ఉంది. వాల్వులు గ్రైండ్ చేయించి, టాపెట్లు సరిచేయించారు. బండి ఘాట్ ఎక్కింది. కుర్రవాడు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ పెద్ద కార్బురేటర్ నా బీరువాలోకి వచ్చింది. ఏ బండికి కొన్నారో వివరించమని ఆడిట్ వారు వ్రాసిన అభ్యంతరానికి నేను మూడుసార్లు జవాబిచ్చాను. రిటైరయిన రోజు చార్జి అప్పగించే జాబితాలో కూడా అది ఉంది: కార్బురేటర్, పెద్దది, 1.