సైన్స్ ఫిక్షన్ ఛానల్లోకి కుస్తీలు ఎలా వచ్చాయి?

రాజోలు ప్రాంతంలోని మోరికి జీడిపప్పు పేరు పాతది. 2016 డిసెంబరులో మరో పేరు తోడైంది. రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకం కింద ఇంటింటికీ తీగ అందిన తొలి ఊరుగా దాన్ని అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అప్పట్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సాల్మన్ డార్విన్ తన స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి ఎంచుకున్నదీ తన సొంత ఊరైన మోరినే. ఫైబర్‌నెట్ మొదటి ప్యాకేజీ అప్పట్లో నెలకు 149 రూపాయలు: ఇంటర్నెట్, ఫోను, 250 దాకా టీవీ ఛానళ్లు. ఇన్ని ఛానళ్లు ఇంట్లోకి వచ్చినా సైన్స్ ఫిక్షన్‌కంటూ తెలుగులో ఒక్కటీ లేదు, ఎవరూ పెట్టలేదు గనక. పెడితే నిలిచేదా అన్న ప్రశ్నకు నేరుగా జవాబు దొరకదు. అమెరికాలో పెట్టినదాని ముప్పయ్యేళ్ల చరిత్ర మాత్రం మన ముందుంది.

1992 సెప్టెంబరు 24న అక్కడ సై-ఫై ఛానల్ మొదలైంది. నేడు దాని పేరు సైఫై. ఇంగ్లిషులో అక్షరాలు మారాయి, పలుకు మారలేదు. అభిమానులు దానిపై తరచూ మోపే అభియోగం ఒకటుంది: ఒకప్పుడు గొప్పగా ఉండేది, 2009లో పేరు మార్చుకున్నాక దారి తప్పింది అని. తేదీలు వరుసగా పేర్చి చూస్తే ఈ వాదన సగమే నిలుస్తుంది.

మొదటి సంగతి, ఆరంభంలో స్వర్ణయుగమేమీ లేదు. ఛానల్ యజమానులు పారామౌంట్, యూనివర్సల్. వాళ్ల గోదాముల్లో పాత సినిమాలు, పాత సీరియళ్లు గుట్టలుగా ఉన్నాయి. తొలి ఏళ్లలో ఛానల్‌ను నింపినవి చాలావరకు అవే. ఉన్న సరుకుతో కొట్టు తెరవడం వ్యాపారంలో తప్పేం కాదు గానీ, దాన్ని కళాసాహసమని పిలవలేం. సొంత నిర్మాణాలకు పేరొచ్చింది తర్వాతే: 1999లో ‘ఫార్‌స్కేప్’, 2002లో స్పీల్‌బర్గ్ పేరుతో ‘టేకెన్’, 2003 చివర ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’.

రెండోది ఇంకా ముఖ్యం. దెయ్యాల జాడ వెతికే ‘ఘోస్ట్ హంటర్స్’ 2004లో వచ్చింది. కుస్తీ కార్యక్రమం ‘ఈసీడబ్ల్యూ’ 2006 జూన్‌లో. పేరు మారింది 2009 జులై 7న. అంటే దారి మళ్లడం పేరు మార్పుకు ఐదేళ్ల ముందే మొదలైంది; అదీ ‘గెలాక్టికా’ పీబాడీ పురస్కారం అందుకున్న కాలంలోనే. మంచిదీ చవకదీ ఒకే ఛానల్లో పక్కపక్కనే నడిచాయి. పేరు మార్పుకు ఛానల్ చెప్పిన కారణాల్లో ఒకటి, ‘సై-ఫై’ అన్న వాడుక మాటను ట్రేడ్‌మార్కుగా సొంతం చేసుకోలేకపోవడం. ఆ కారణాన్ని కొట్టిపారేయలేం.

కుస్తీ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. 2010 అక్టోబరు 1న మరో కుస్తీ కార్యక్రమం ‘స్మాక్‌డౌన్’ శుక్రవారం రాత్రికి వచ్చింది. అంతకుముందు శుక్రవారాల్లో నడిచిన అంతరిక్ష సీరియల్ ‘స్టార్‌గేట్ యూనివర్స్’ రెండో సీజన్‌కు మంగళవారానికి జరిగింది. డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. కుస్తీయే దాన్ని చంపిందనడం సులువు. అయితే మొదటి సీజన్లోనే ప్రేక్షకులు తగ్గుతూ వచ్చారు, కాబట్టి రోజు మార్పు దెబ్బ మీద దెబ్బ అనేంతవరకే తేదీలు ఒప్పుకుంటాయి. పోటీ మాత్రం సమానం కాదు. కుస్తీకి అంతరిక్ష నౌక సెట్లక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఏడాదిలో 52 వారాలూ కొత్త ఎపిసోడే. ఏ లెక్కల మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు.

2013 జులైలో వచ్చిన ‘షార్క్‌నేడో’ మరో రకం సాక్ష్యం. సుడిగాలిలో సొరచేపలు ఎగిరొచ్చే ఆ సినిమాను తొలిసారి చూసినవారు దాదాపు 13.7 లక్షలు, ట్విట్టర్లో గోల రేగాక మూడో ప్రసారానికి 21 లక్షలు దాటారు. సాధారణంగా రిపీటుకు జనం తగ్గాలి, ఇక్కడ పెరిగారు. ఎగతాళి కూడా టికెట్టే.

అయినా ఛానల్ మళ్లీ అసలు దారికి రాబోయింది. 2015 డిసెంబరులో ‘ది ఎక్స్‌పాన్స్’ మొదలైంది. విమర్శకులు మెచ్చారు. 2018 మేలో ఛానల్ దాన్ని వదిలేసింది. అప్పటి వార్తల ప్రకారం సైఫై చేతిలో ఉన్నది అమెరికాలో టీవీలో తొలి ప్రసార హక్కే. తీరిక దొరికినప్పుడు ఆన్‌లైన్లో చూసినవాళ్ల వల్ల ఛానల్‌కు ఒరిగేది తక్కువ. అదే నెలలో అమెజాన్ ఆ సీరియల్‌ను తీసుకుని మరో మూడు సీజన్లు తీసింది. అభిరుచి కన్నా హక్కుల పత్రమే ఎక్కువ నిర్ణయించిందని నాకనిపిస్తుంది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టలేం గానీ, మన దేశంలో జరిగింది దీనికి ఎదురు చెప్పడం లేదు.

2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చాక చందాదారుడు ఏ ఛానల్ కావాలో ఎంచుకుని డబ్బు కట్టాలి. ఇంగ్లిష్ ఛానళ్లలో 2020 జూన్ చివర ఏఎక్స్‌ఎన్, డిసెంబరులో హెచ్‌బీవో ఇక్కడ మూతపడ్డాయి. వాటికి కారణం ధరలా, కోవిడ్ ఏడాది ప్రకటనల కరువా, ఓటీటీయా అన్నది విడదీయడం కష్టం. మూడూ కలిసే పనిచేసి ఉండాలి. తెలుగులో సైన్స్ ఫిక్షన్‌కు ఆదరణ లేదనడానికి మాత్రం ఆధారం బలహీనం. 1991లోనే ‘ఆదిత్య 369’ను జనం నెత్తిన పెట్టుకున్నారు. 2024 జూన్‌లో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ ఆగస్టులో అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది. జీ తెలుగులో పడింది 2025 సంక్రాంతికి. అప్పటికి అది ఫోన్లలో తిరగబట్టి దాదాపు ఐదు నెలలు.