సానకు వచ్చు రాయి



కర్నూలు, కడప సీమల మెట్టనేలలో బేతంచెర్ల పేరు నాపరాతి వలన ప్రసిద్ధమైనది. దక్షిణదేశమున ఎన్ని యిండ్ల నడవలలో బేతంచెర్ల బండలు పరచియున్నవో లెక్కింప నలవి కాదు. గనినుండి వెలువడిన పలక మొదట గరుకుగా, వన్నె లేక యుండును. దానిని కొనువాడు రెండు తప్పులలో ఏదైనను చేయవచ్చును. సానపట్టినచో మెరయు రాతిని గరుకని విడిచిపోవుట మొదటిది. లోన బీట గల రాతిని రంగు చూచి మోసికొనిపోవుట రెండవది. అందుచేత అనుభవజ్ఞుడు కంటిని మాత్రమే నమ్మడు. సుత్తితో మెల్లగా తట్టి, చెవి యొగ్గి వినును.

క్రీడాజట్టుల పెద్దలకును ఇట్టి చిక్కే కలదు. ఒక యువకునియందు ప్రతిభ కలదని అందరు నంగీకరింతురు. ఫలితము మాత్రము కానరాదు. అట్టివానిని వేరొక జట్టు వెలయిచ్చి తెచ్చుకొనవలెనా, వలదా? ఈ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పుచున్నదో చూతము.

అమెరికావారి ఫుట్‌బాల్ మన మెరిగిన కాలిబంతి కాదు. అందు ఒకడు బంతిని చేతితో విసరగా, రిసీవరు అనువాడు దూరముగా పరుగిడి దాని నందుకొనును. విసరువాని గురి తప్పినను అందుకొనువాని లెక్కయే తగ్గును. కనుక రిసీవరు విలువ కట్టుట మిక్కిలి కష్టము. క్రిస్ కార్టరు అను యువకుడు ఫిలడెల్ఫియా జట్టులో 1989లో 11 టచ్‌డౌనులు సాధించెను. అయినను 1990లో ఆ జట్టు వానిని తొలగించెను. కొరత చేతులలో లేదు. మద్యము, మాదకద్రవ్యములు వానిని పట్టి పీడించుచుండెను. అప్పుడు మిన్నెసోటా జట్టు కేవలము 100 డాలర్ల రుసుము చెల్లించి వానిని చేర్చుకొనెను. అచటి సలహాదారు ఒకరు, ఒక్క వారము త్రాగకుండ ఉండి చూడుమని వానిని కోరిరి. ఆ వారమే నూతనజీవితమునకు నాంది యయ్యెను. కార్టరు మొత్తము 130 టచ్‌డౌనుల బంతులు అందుకొని, 2013లో ఆ క్రీడయొక్క కీర్తిమందిరమున స్థానము పొందెను. తన్ను తొలగించుటయే తనకు మేలుకొలుపైనదని ఆతడే తరువాత చెప్పెను.

మన సికిందరాబాదు కథ వేరు. పీటర్ తంగరాజు అచటి మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడి, 1953లో సైన్యమున చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో ప్రవేశించెను. మొదట ఆతడు గోలు కొట్టవలసిన సెంటర్ ఫార్వర్డు. పొడగరియైన ఆ యువకుని పేరు నిలిచినది గోలు కొట్టుట వలన కాదు, గోలు కాచుట వలన. 1955, 1958 సంవత్సరములలో ఆ సైనికజట్టు డ్యూరాండ్ కప్పు గెలిచెను. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్సులలో తంగరాజు భారతజట్టున నుండెను. 1967లో అర్జున పురస్కార మందెను. ప్రతిభ కలదు, స్థానము మాత్రము వేరు. హైదరాబాదువాడైన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఈ మర్మము బాగుగ నెరిగినవాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో, రక్షకుడైన జర్నేల్ సింగు తలకు గాయమై కుట్లు పడగా, ఆతనిని ముందుపంక్తిలో నిలిపి గోళ్లు రాబట్టినది ఆయనయే. నాడు స్వర్ణపతకము భారతదేశమునకు దక్కెను.

క్రికెట్టున అంబటి రాయుడు చరిత్ర ఇంకను జటిలమైనది. 1985లో గుంటూరున జన్మించిన ఆతడు, 2002లో రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున ఆంధ్రజట్టుపై ఒకే ఆటలో 210 పరుగులును, అజేయముగా 159 పరుగులును చేసెను. అప్పటికి వయస్సు పదునేడేండ్లు. 2004లో పందొమ్మిదేండ్లలోపు వారి ప్రపంచకప్పున భారతజట్టునకు నాయకుడయ్యెను. పిమ్మట పరుగులు తగ్గెను. ఆంధ్రకు మారెను, మరల హైదరాబాదునకు వచ్చెను, 2007లో బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగున చేరెను. ఇక ముగిసెనని అనేకులు తలచిరి. 2009లో బోర్డు క్షమాపణ మంజూరు చేయగా, 2010లో ముంబయి ఇండియన్స్ ఆతనిని చేర్చుకొని, 2017 వరకు విడువలేదు. 2013లో హరారేలో తొలి అంతర్జాతీయ ఒకరోజు ఆటయందు 63 పరుగులతో అజేయుడై నిలిచెను. 2018లో చెన్నై జట్టు ఆతనిని 2 కోట్ల 20 లక్షల రూపాయలకు కొనగా, ఆ యేడే 602 పరుగులు చేసెను. అందు ఒక శతకము హైదరాబాదు జట్టుపైననే! పదునేడవయేట కనబడిన మెరుపు పూర్తిగా ఫలించుటకు పదునైదేండ్లు పట్టెను.

ఈ కథలు విని, ప్రతిభావంతు డెవడైనను చేర్చుకొనదగినవాడే యని తలచుట పొరపాటు. చరిత్ర గెలిచినవారి పేర్లనే పదిలపరచును. నమ్మి చేర్చుకొనగా ఫలింపనివారి పేర్లు పుటలకెక్కవు. అంతేకాక జట్టులో స్థానములు పరిమితములు. ఒకనికి మరల మరల అవకాశ మొసగుటయనగా, వాకిట వేచియున్న వేరొక యువకునకు అది లేకుండ చేయుటయే. ఆ ఖరీదు లెక్కపుస్తకమున కనబడదు.

కనుక అడుగవలసినది “వీనియందు ప్రతిభ కలదా?” అని మాత్రమే కాదు, “ఆ ప్రతిభను అడ్డుచున్నదేమి?” అని. అడ్డు వ్యసనమైనచో, దానిని విడుచుటకు వాడు సిద్ధపడెనా? స్థానము తప్పైనచో, తగిన స్థానము మనవద్ద కలదా? పరిసరములే అడ్డైనచో, ఓపికపట్టు పెద్దలు మనకు కలరా? వీనికి సమాధానము దొరకినచో, తగిన వెలకు తెచ్చుకొనుట సాహసము కాదు, వివేకము. దొరకనిచో 100 డాలర్లు కూడ అధికమే.

ప్రతి యింటను ఇట్టి యువకు డొకడుండును. చదువున వెనుకబడినవాడో, పనిలో నిలువనివాడో కావచ్చును. పనికిరానివాడని త్రోసివేయుటకు ముందు, ముత్యమని మురిసిపోవుటకును ముందు, బేతంచెర్ల రాతిపనివానివలె ఒకసారి మెల్లగా తట్టి వినవలెను. బీట యున్నదో, గరుకు మాత్రమే యున్నదో ఆ ధ్వనియే చెప్పును.