ప్రేమతో పెకలించిన మొక్క

పువ్వు పూయదు, కాయ కాయదు. అయినా ఒక మొక్క కోసం జనం ప్రాణాలకు తెగించి కొండలెక్కిన కాలమొకటి ఉంది. దాని పేరు ఉడ్సియా ఇల్వెన్సిస్. గ్రీన్‌లాండ్, స్కాండినేవియా, సైబీరియా, ఉత్తర అమెరికాల రాతి పగుళ్లలో జానెడు ఎత్తున పెరిగే చిన్న ఫెర్న్. బ్రిటన్‌లో మాత్రం అది మొదటినుండీ అరుదే. కొన్ని కొండచరియలకే పరిమితం.

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. కొన్నాళ్లకు ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డి మొలకెత్తాయి. నగరపు పొగకు అతని తోటలో మాడిపోయిన ఫెర్న్‌లు గాజులోపల బతుకుతాయని అప్పుడు తెలిసింది. అక్కడినుండే గాజుపెట్టెలు పుట్టాయి. 1845లో గాజుపై పన్ను రద్దయింది, రైళ్లు కొండలను దగ్గర చేశాయి. ఇంటింటా ఫెర్న్‌లు పెంచాలనే మోజు వ్యాపించింది. 1855లో చార్లెస్ కింగ్‌స్లీ ఆ మోజుకు 'టెరిడోమేనియా' అని పేరు పెట్టాడు.

అరుదైన మొక్కకు గిరాకీ ఎక్కువ కదా! స్కాట్లాండ్‌లోని మోఫాట్ కొండల్లో ఉడ్సియాను వేళ్లతో సహా పెకలించుకుపోయారు. వేల్స్‌లోని స్నోడన్‌పై ఫెర్న్‌లు సేకరిస్తూ విలియం విలియమ్స్ అనే మార్గదర్శి 1861లో జారిపడి మరణించాడు.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటున్నది. ఫెర్న్‌ను పెంచడానికి దానిని పెకలించనక్కరలేదు. ఆకు అడుగున ఉండే ధూళివంటి సిద్ధబీజాలను తడినేలపై చల్లితే చాలు. జమైకాలో పనిచేసిన వైద్యుడు జాన్ లిండ్సే ఈ సంగతిని 1790లలోనే లండన్ శాస్త్రజ్ఞులకు నివేదించాడు. అంటే విద్య ఉన్నది, ఓపికే లేదు. మొలకెత్తించడానికి నెలలు పడుతుంది, పెకలించడానికి క్షణం చాలు.

శతాబ్దం పైబడి గడిచాక ఎడిన్‌బరా రాజోద్యానం శాస్త్రజ్ఞులు మిగిలిన మొక్కలనుండి సిద్ధబీజాలు సేకరించి, మొలకలు పెంచి, 1990ల చివర తిరిగి కొండలపై నాటారు. వారు వాడినది ఆ పాత విద్యే. కోరికను ఆపుకోగలిగినవాడి చేతిలోనే అది ఫలించింది.

సౌందర్యాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకోవడం తప్పు కాదు. ఇంటికి తెచ్చినందువల్ల కొండ బోసిపోకూడదు, అంతే.